దవడ నొప్పి సంగతి అక్కకు

ఆళ్లగడ్డ, కార్తీకం, 1957

అక్కా,

అక్కడ నాయన దగ్గు తగ్గిందా? అమ్మ కాళ్ల వాపు ఎలా ఉంది? పోయేముందు నీకు పట్టిన ఆయాసం ఇప్పుడు లేదు కదా? మీరంతా ఒకచోటనే ఉన్నారో లేదోనని కూడా నాకు దిగులే.

నా సంగతి బాగాలేదు. నువ్వు పోయిన కొన్నాళ్లకే చెవి ముందర పోటు మొదలైంది. పంటి నొప్పి అనుకుని, సంతలో పండ్లు పీకేవాడి దగ్గర గట్టి పన్ను పీకించుకున్నాను. పోటు పోలేదు. నోరు తెరిస్తే టక్కుమంటుంది.

పోయిన వారం నంద్యాల డాక్టరు చెవి ముందర వేలు పెట్టి చూశాడు. "పన్ను కాదవ్వా, దవడ కీలు. నిద్రలో పండ్లు కొరుకుతాండావు. వేడిగుడ్డతో కాపడం పెట్టు, మెత్తగా తిను, నోరు పెద్దగా తెరవద్దు, దిగులు పెట్టుకోవద్దు" అన్నాడు. దిగులు లేకుండా ఎలా ఉండాలో చెప్పలేదు.

నిన్న నీ ఏడాది తిథి. నీకిష్టమని కాల్చిన జొన్నరొట్టెను నేను పాలలో నానబెట్టి మింగాను.

ఇద్దరం ఒకే చాప మీద పడుకున్నన్నాళ్లూ నా చెంప తట్టి, "ఏం మే, నిద్రలో జొన్నలు విసురుతాండావా? అటు తిరిగి పండుకో" అనేదానివి. అటు తిరిగి పడుకునేదాన్ని. పొద్దునకు నొప్పి ఉండేది కాదు. నువ్వు ఊరికే ఎగతాళి చేస్తున్నావనుకునేదాన్ని.

"ఎంతసేపు కొరుకుతాండావో పక్కన పండుకునేవాళ్లే చెప్పాల. ఈసారి వాళ్లను పిల్చుకొని రా అవ్వా" అన్నాడు డాక్టరు. సరేనని తల ఊపి వచ్చాను.

పౌర్ణమి దాటిన బుధవారం, పొద్దుటి బస్సుకు మళ్లీ నంద్యాల పోవాలి.