ఒక్క బొటనవేలికి రెండు బిల్లులు

బిల్లుల గుమాస్తా గారికి,

నమస్కారం. మా మామయ్య టైలరు. కత్తెర జారి బొటనవేలు తెగితే మీ ఆసుపత్రిలో డాక్టరుగారు కుట్లు వేశారు. తర్వాత డాక్టరుగారి బిల్లొకటి, ఆసుపత్రి బిల్లొకటి వచ్చాయి. నేనే సరిగ్గా చదవలేదేమోనని కళ్లజోడు తుడుచుకుని మరీ చూశాను. రెండూ ఆ వేలికే! సంగతి తేలేదాకా కుట్లు తీయించుకోనని మామయ్య భీష్మించుకు కూర్చున్నారు. వేలు మడవలేక కొట్టులో పని ఆగిపోయింది. తేల్చి చెప్పండి.

ఇట్లు,
టైలరుగారి కోడలు

తా.క.: "కుట్లు వంకరగా పడ్డాయి, అయినా నేనేమీ అనలేదు" అని రాయమన్నారు.

అమ్మా,

నమస్కారం. పొరపాటేమీ లేదు. డాక్టరుగారు మా ఉద్యోగి కారు. ఆయన బిల్లు ఆయన పనికి. మాది గదికి, బల్లకి, దీపానికి, నర్సుకి, దారానికి. ఎదురు వీధిలోని తన సొంత క్లినిక్‌లో వేసుంటే అన్నీ కలిపి ఒక్క బిల్లే వచ్చేది.

ఇట్లు,
బిల్లుల గుమాస్తా

తా.క.: కుట్ల వంకర మా బిల్లులోకి రాదు. అది డాక్టరుగారిది.

గుమాస్తా గారికి,

మీ ఉత్తరం చదివి వినిపించాను. "సూదీ దారం లేకుండా కుట్టడానికి వచ్చేవాణ్ణి నా కొట్టు గడప ఎక్కనిస్తానా?" అన్నారు మామయ్య. నాకు మీ మాట సబబే అనిపించింది. కాదేమోనని కూడా అనిపించింది. ఏదైతేనేం, ఆయన్ని ఆ క్లినిక్‌కి లాక్కెళ్లి కుట్లు తీయించాను. ఒక్క బిల్లే! మీ బిల్లూ కట్టేశాను. కానీ రెండు వస్తాయని ముందే చెప్పాల్సింది. ఈ మాట మీరు ఒప్పుకునేదాకా రాస్తూనే ఉంటాను.

ఇట్లు,
పట్టు వదలని కోడలు

తా.క.: డాక్టరుగారు తన ప్యాంటు పొడవు తగ్గించమని ఇచ్చారు. మామయ్య మీ ఉత్తరం మళ్లీ చదివించుకున్నారు. ఎందుకో మరి!

అమ్మా,

నమస్కారం. ఇవాళ డాక్టరుగారు రెండు కాగితాలతో మా కిటికీ దగ్గరికొచ్చారు. ఒకటి మీ మామయ్య చేతిపనికి, ఇంకొకటి కొట్టులోని గదికి, మెషీనుకి, దీపానికి, దారానికి. "ఒక్క ప్యాంటుకి రెండు బిల్లులేమిటయ్యా? ముందే చెప్పొద్దూ?" అని కేకలేశారు. మీకు రాసిన ఉత్తరం నకలు ఆయన చేతిలో పెట్టాను. చదువుకుని రెండు కాగితాలూ మడిచి జేబులో పెట్టుకున్నారు. తర్వాత ఆయనే పట్టుబట్టి, రెండు బిల్లులు వస్తాయని ఆసుపత్రి గుమ్మం దగ్గర బోర్డు పెట్టించారు. మీరింక రాయనక్కర్లేదు.

ఇట్లు,
ఓడిపోయిన గుమాస్తా

తా.క.: నా చొక్కా చేతులు కురచ చేయించాలి. మామయ్యగారు మా ఇంటికొచ్చి, నా గదిలో, నా దీపం కింద, నా దారంతో కుడితే ఒక్క బిల్లే కదా?