కప్ రూజ్ పాటలో ఐదో దెబ్బ

జక్మెల్ పట్టణంలో రేవు వెనుక వీధిలో కాపురముంటున్న ఒక్తేలుస్ బ్రెవిల్ అనే నేను, వయసు యాభై ఆరు, వృత్తి పియానో వాయించడం, సంగీతం రాయడం, కలిగినవాళ్ళ ఆడపిల్లలకు పాఠాలు చెప్పడం, నా తల నా భుజాల మీదే సరిగ్గా నిలిచి ఉండగా, ఎవరూ బెదిరించకుండా, ఎవరూ సారా పోయకుండా, నా కుడిచేత్తో నేనే ఈ కాగితం రాస్తున్నాను.

తల సరిగ్గానే ఉందని డాక్టరు కూడా ఒప్పుకున్నాడు. పోయింది ఎడమ చెయ్యి. జూన్ నెలలో పక్షవాతం వచ్చింది. మొన్న దాని మీద వేడి కాఫీ ఒలికితే అక్క కేక వేశాక గాని నాకు తెలియలేదు. లోపల కూడా ఇంచుమించు అలాగే ఉంది. ఇంకోసారి వస్తే ఉండనన్నారు. సరేనన్నాను.

నాకు భార్య లేదు, పిల్లలు లేరు. ఆస్తి కొద్దిదే. దాని గురించి ఎవరూ కొట్టుకోరు. ఈ వీలునామా రాయడానికి అసలు కారణం ఒక్క పాట, అది ఎవరిదో తేల్చి పోవడం. అది నాలుగో అంశంలో ఉంది. తొందర ఉన్నవాళ్ళు అక్కడికే వెళ్ళవచ్చు. నోటరీ గారు మాత్రం వరుస తప్పకూడదన్నారు. నేను పాదిరీల బడిలో హార్మోనియంలో కప్పను దాచి నాలుగో తరగతిలోనే గెంటించుకున్నవాణ్ణి. వరుసలు ఆయనకే తెలుసు.

ఒకటి. నేనుంటున్న ఇల్లు, పెరడు, పెరట్లోని బ్రెడ్ ఫ్రూట్ చెట్టు, వంటసామానుతో సహా, నా అనంతరం మా అక్క క్లొతిల్ద్‌కు సర్వహక్కులతో చెందవలెను. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఇల్లు ఊడ్చింది ఆవిడే. నేను కొండ పాట ఏదైనా మొదలుపెడితే కిటికీలు మూసేది. "ఒరేయ్ తేలుస్, ఆ డప్పుల గోల ఇంట్లోకి తెచ్చావంటే పియానోలో కోళ్ళను పెంచుతాను, చూసుకో" అనేది. కిటికీలు మూశాక తలుపు దగ్గర నిలబడి వినేది. నేను చూడలేదనుకుంది. చూశాను అక్కా.

రెండు. పియానో శ్రీమతి రిగో గారికి చెందవలెను. ఆవిడకు వాయించడం రాదు. కారణం చెబుతాను. ఆవిడ భర్త అన్సెల్మ్ రిగో గారు మా సంగీత సంఘానికి అధ్యక్షుడు. తన పెళ్ళికి ఊరేగింపు సంగీతం రాయమని నన్ను అడిగారు, మూటకూలీ పాటల వాసన తగలకూడదని మరీ మరీ చెప్పారు. బజారులో చేపలమ్మేవాళ్ళు బేరానికి పాడే పాట ఉంది, "పాచిపోయిన చేపకు ఇంత ధరా, ముక్కు మూసుకుని కొంటాలే" అని. దాన్ని బాగా నెమ్మది చేసి, కింద నాలుగు గంభీరమైన స్వరాలు కట్టి ఇచ్చాను. పెళ్ళికూతురు చర్చి మెట్లెక్కుతుంటే బయట చేపలవాళ్ళు కడుపు పట్టుకుని కూలబడ్డారు. ఆవిడ గుర్తుపట్టింది, ముసుగులో భుజాలు కదిలేలా నవ్వింది. రిగో గారు ఆనందబాష్పాలనుకున్నారు. ఇరవై రెండేళ్ళయింది. ఆవిడ ఇంతవరకు ఆయనకు చెప్పలేదు. అలాంటి మనిషి ఇంట్లో నా పియానో క్షేమంగా ఉంటుంది.

రిగో గారికి పియానో ముందు కూర్చునే బల్ల. ఒక కాలు కొద్దిగా పొట్టి. సరిచేయించవద్దు.

మూడు. నా తెల్ల సూటు క్షౌరం చేసే తెర్తులియాన్‌కు ఇవ్వాలనుకున్నాను. సాక్షి సంతకం పెట్టేవాడికి ఏదీ రాసివ్వకూడదని నోటరీ గారు అడ్డుపడ్డారు. కనుక ఆ సూటుతోనే నన్ను పాతిపెట్టవలెను. సూటు మీద ఆశతో సంతకానికి ఒప్పుకున్నాడు పాపం. ఈ సంగతి ఇక్కడికి వచ్చేదాకా అతనికి చెప్పలేదు.

నాలుగు. "కొండ మీద ఐదు" అనే పేరుతో నేను రాసినట్టు లోకానికి తెలిసిన పియానో రచన గురించి.

నాకు పేరంటూ ఉంటే దానివల్లే ఉంది. రాజధానిలో వాయించారు, సముద్రం దాటి కూడా వాయించారు. నాలుగు దెబ్బలు, ఐదో దెబ్బ చోట ఖాళీ. ఆ ఖాళీ దగ్గర హాలంతా గాలి బిగబట్టుకుంటుంది. అది ఎక్కడిదని రిగో గారు అడిగితే, పితృదేవతలు జవాబు చెప్పడానికి వదిలిన చోటని చెప్పాను. ఆట పట్టించడానికి చెప్పాను. ఆయన దాని మీద పదకొండు పేజీల వ్యాసం అచ్చువేశారు. ఇప్పుడు పిల్లలకు పాఠంగా చెబుతున్నారు. అది అబద్ధమని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను.

నిజం ఇది. ఆ పాట కప్ రూజ్ కొండ మీది లామెర్సీ అనే ఆవిడది. అక్కడ ఒకరి చేలో పని పడితే ఇరుగుపొరుగంతా దిగి వరుసగా నిలబడి పారలు పడతారు. ముందు నిలబడి పాట చెప్పే మనిషి ఒకరుంటారు. ఆ గొంతు లేవకుండా ఒక్క పార కూడా కిందికి పడకూడదు, అది వాళ్ళ కట్టు. పనికి బద్ధకించినవాడి పేరు పాటలోకి వస్తుంది, ఇక వాడి పని అంతే. 1941లో, మొక్కజొన్న వేసే రోజుల్లో, నేను పాట రాసుకోవడానికి కాగితాలు పట్టుకుని గట్టు మీద కూర్చున్నాను. లామెర్సీ నన్ను కూడా పాటలోకి లాగింది. "చూడండర్రా కాగితాల దొర, కాగితమ్మీద పార వేస్తున్నాడు! మధ్యాహ్నం వీడి వంతు అన్నం కాగితంలోనే బొమ్మగీసి పెట్టండి!" నలభై మంది నవ్వుతూ పారలెత్తారు. నేను అదీ రాసుకున్నాను.

నాలుగు దెబ్బలు పడేవి, ఐదో దానికి నలభై పారలూ గాలిలో ఆగేవి. అలా ఆగడం నేనెక్కడా వినలేదు. పెన్సిల్ అరిగేదాకా లెక్కపెట్టాను.

మరుసటి ఏడు సంఘం హాల్లో వాయించాను, చప్పట్లు కొట్టారు. 1944లో కొండెక్కాను, ఇంకో పాట దొరుకుతుందేమోనని. లామెర్సీ అప్పటికే చనిపోయింది. ఆవిడ కూతురు ద్యేలా వాకిట్లో కాఫీగింజలు ఆరబోస్తోంది. నా రచన సంగతి అప్పటికే ఆమె చెవిన పడింది. చేతిలో పని ఆపకుండానే చెప్పింది: "మా అమ్మ పాటలో ఆగడం ఎక్కడుందయ్యా? ఆ ఒక్క ఏడే ఆగింది. నాలుగు దెబ్బలకే ఊపిరి అందేది కాదు. ఆమె పీల్చుకునేదాకా మావాళ్ళు పార దించకుండా పట్టుకునేవాళ్ళు. నువ్వు మూడు బారల దూరంలోనే కూర్చున్నావుగా, వినపళ్ళా?" తర్వాత ఇంకొకటి అంది: "మా అమ్మకి ఊపిరాడకపోతే పట్నంలో జనం కాళ్ళూపుతూ వింటున్నారంట. ఆ ఖాళీ తీసెయ్."

ఆలోచిస్తానన్నాను. తొమ్మిదేళ్ళయింది, జవాబు చెప్పలేదు. చెయ్యి పడిపోయేదాకా వాయిస్తూనే ఉన్నాను.

ఒకే ఒక్కసారి, పోయిన నెలలో, ఖాళీ తీసేసి వాయించి చూశాను. కుడిచెయ్యి ఒక్కటే అయినా పాట నడిచింది. మామూలు పాట. ఆ కొండ మీద అలాంటివి వంద ఉన్నాయి. నేను కట్టిన స్వరాలన్నీ ఉన్నాయి, విన్నవాళ్ళు తల తిప్పి చూసేలా చేసేది ఒక్కటీ లేదు. ఏడుపు వస్తుందేమోనని కాసేపు కూర్చున్నాను. రాలేదు. మూత వేసి వెళ్ళి భోజనం చేశాను.

కనుక, సదరు రచన చేతిరాత ప్రతి, దాని మీద నాకున్న హక్కులు యావత్తూ, నా అనంతరం కప్ రూజ్ వాస్తవ్యురాలు, లామెర్సీ కూతురు ద్యేలాకు చెందవలెను. రచన మీద నా పేరుండరాదు. ఖాళీ ఉంచుతుందో, తీసేస్తుందో, కాగితాలు పొయ్యిలో పెడుతుందో, అది ఆమె ఇష్టం. రిగో గారు అడ్డం పడరాదు. దేశం సొత్తు అని ఆయన అంటారు. అప్పుడు పై పదకొండు పేజీల సంగతి గుర్తుచేయవలెను.

అయిదు. ఈ రచన పుస్తకంగా అచ్చుకు సిద్ధంగా ఉంది. ద్యేలా మాట వచ్చేవరకు అచ్చు ఆపవలెను. నా అంత్యక్రియలలో దీన్ని వాయించరాదు. ఏదీ వాయించనక్కర్లేదు.

ఆరు. ద్యేలాకు చదువు రాదు. మా అక్క క్లొతిల్ద్ స్వయంగా కప్ రూజ్ వెళ్ళి, నాలుగో అంశాన్నీ ఈ అంశాన్నీ ఆమెకు చదివి వినిపించవలెను. ఆ తర్వాతనే కాగితాలు ఆమె చేతిలో పెట్టవలెను. నామీద ప్రేమ కొద్దీ ఏ మాటా మింగరాదు. ముఖ్యంగా ఇది.

ద్యేలా, ఆ ఏడు పని అయిపోయాక నేను గుర్రం ఎక్కబోతుంటే మీ అమ్మ వచ్చి కళ్ళెం పట్టుకుంది. "కాగితాల దొరా, పాట మూటగట్టుకున్నావుగా, నన్నూ వెనకాల ఎక్కించుకుని కిందికి తీసుకుపో. దిగే ఓపిక లేదు. డాక్టరుకు చూపించుకుంటా" అంది. మేమిద్దరం పొద్దుటి నుంచీ ఒకరినొకరు వెక్కిరించుకుంటూనే ఉన్నాం. ఇదీ అదే అనుకున్నాను. "నువ్వెక్కితే గుర్రం చస్తుంది, పాట ఒక్కటి చాల్లే" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆవిడా నవ్వింది, నవ్వుతూ దగ్గింది, కళ్ళెం వదిలేసింది. ఆ డాక్టరు రోజూ సాయంత్రం నాతో డొమినోలు ఆడేవాడు.

నువ్వు ఆ సమయానికి ఏటి దగ్గర ఉన్నావట. నీకెవరూ చెప్పి ఉండరు. నేను కూడా చెప్పలేదు. ఖాళీ తీసెయ్యమన్న రోజున చెప్పాల్సింది.

ఇది విన్నాక ఆమె కాగితాలు వద్దంటే మా అక్క బతిమాలరాదు, వాకిట్లో వదిలి రారాదు. తిరిగి తెచ్చి, ఆమె మళ్ళీ అడిగేవరకు ఇంట్లోనే ఉంచవలెను. అడగకపోతే అలాగే ఉంచవలెను.

ఈ వీలునామాను అమలుపరిచే బాధ్యత నోటరీ సిల్వాన్ కజో గారిది. దీనికి ముందు నేను రాసినవి ఏవైనా ఉంటే అవి చెల్లవు. ఇందులో వేళాకోళం ఎక్కడ ఆగిందో కజో గారు అడిగారు. చూపించాను.

జక్మెల్, 1953 అక్టోబరు 14.

(సంతకం) ఒక్తేలుస్ బ్రెవిల్

సాక్షులు:
1. తెర్తులియాన్ మొంపెర్వ్, క్షౌరవృత్తి. సూటు సంగతి చదువుకున్న తర్వాతే సంతకం పెట్టాను.
2. ఫిలిబెర్ ఓగ్జిల, మందుల దుకాణం.