అద్దం మీద బొట్టు

అక్టోబరు 2011, ఆదివారం రాత్రి. జనగామ.

కరెంటు లేదు. కొవ్వొత్తి వెలుగులో రాస్తున్నాను.

మొదట కోతులు నా టెలిస్కోపు స్టాండును డాబా మీద నుంచి తోసేశాయి. తర్వాత వానలకు దాని అద్దానికి బూజు పట్టింది. హైదరాబాద్‌లో కొత్త పూత వేయించి, అన్నీ మళ్లీ బిగించి, వెన్నెల ఆలస్యంగా వచ్చే రోజుల కోసం ఆగాను. ఇంకోసారి మొదలుపెట్టే ఓపిక నాకు లేదు.

సాయంత్రం భూపాలపల్లి నుంచి, అక్కడి బొగ్గుబాయిలో పనిచేసే బామ్మర్ది ఫోన్ చేశాడు. "తెలంగాణ ఇచ్చేదాంక బాయి దిగం బావా. బొగ్గు లేకుంటె కరెంటు ఏడికెల్లి వస్తది?" అన్నాడు. నిజంగానే ఊరంతా చీకటి. నక్షత్రాల ఫొటోకు ఇంతకన్నా మంచి ఆకాశం దొరకదు.

డాబా మీద టెలిస్కోపు గొట్టం మూత తీశాను. అద్దం నడిమధ్య పసుపు, దాని మీద కుంకుమబొట్టు. దసరా నాడు నా భార్య పద్మ చేసిన పూజ.

"బండికి, కుట్టుమిషన్‌కు పెట్టి దీనికొక్కదానికి పెట్టకుంటె ఎట్ల? ఈసారన్న ఖరాబు కావద్దని మొక్కిన" అంది, నా వెనకే డాబా ఎక్కి.

ఆమెను అనరాని మాట అన్నాను. కిందికి వెళ్లిపోయింది. ఆ కోపంలోనే తువ్వాలుతో అద్దాన్ని రుద్దాను. పూత అంతటా గీతలు పడ్డాయి.

గొట్టంలో ఎదురుగా ఉండే చిన్నద్దం నీడ ఎప్పుడూ పెద్దద్దం నడిమధ్యే పడుతుంది. అక్కడ బొట్టున్నా ఫొటోకు ఏమీ కాదు. ఈ సంగతి నాకు ఇప్పుడు గుర్తొచ్చింది.

పద్మ పడుకుందనుకున్నాను. ఇందాక చీకట్లోంచి అడిగింది, "ఫొటో మంచిగొచ్చిందా?" అని.