నిన్ను అడగని ప్రశ్న

సునీతా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఈ ఐరిష్ ఊరు స్వోర్డ్స్‌లో మనిద్దరం ఉన్న ఇంట్లో నీ గదిలోకి రూత్ అని కొత్తమ్మాయి వచ్చింది. మన నర్సింగ్ హోమ్‌లోనే ముసలివాళ్ళని చూసుకునే కేరర్. భర్త ఇంకా గుంటూరులోనే ఉన్నాడు.

కొన్ని వారాలుగా దగ్గుతోంది. కోవిడ్ టెస్టు ప్రతిసారీ నెగటివే. నిన్న అన్నం మింగలేకపోతుంటే నోరు తెరిపించి చూశాను. నాలుక మీద అచ్చం నీకున్నట్టే తెల్లటి పూత.

మా ఏరియా డాక్టరు, జీపీ, ఫోన్ చేస్తే రూత్ స్పీకర్‌లో పెట్టింది. హెచ్‌ఐవీ టెస్టు చేయమని నేనే అడిగాను. "పెళ్ళైన ఇండియన్ అమ్మాయికి అదెందుకు? తగ్గిపోతుందిలే, షీ విల్ బి గ్రాండ్" అన్నాడు. మన చర్చి డాక్టరంకులైతే, "ప్రార్థనకొచ్చే పిల్లని అలాంటివి ఎలా అడుగుతామమ్మా?" అన్నారు. నీ విషయంలోనూ ఇదే మర్యాద.

డ్యూటీలో చెబితే నైజీరియా గ్రేస్ నవ్వింది, కోపంగా. "కాలు బెణికి వెళ్తే నన్ను ముందు అదే అడిగారు. మీ ఇండియన్లనైతే అసలు అడగరు."

సిటీలో ఆ టెస్టు చేసే క్లినిక్‌కి ఫోన్ చేశాను. కోవిడ్ వల్ల మూసేశామని రికార్డింగ్ వచ్చింది.

ఇందాక రూత్ అడిగింది. "అక్కా, ఆ టెస్టెందుకు? ఈ గదిలో ముందున్నావిడకి ఏమైంది?"

నిమోనియా అని చర్చిలో చెప్పిన మాటే నోటిదాకా వచ్చింది. కానీ నీ జబ్బు పేరే చెప్పాను. అది బయటపడేసరికి నువ్వు వెంటిలేటర్ మీదున్నావనీ చెప్పాను.

రూత్ లేచి నీ అద్దం ముందు నిలబడి, నాలుక బయటపెట్టి చూసుకుంది.