మందుల పుస్తకంలో లేని కషాయం

బెంగళూరు,
26 ఆగస్టు 2003, మంగళవారం

చిరంజీవి ప్రిస్కిల్లాకు అమ్మ ప్రభువు పేరిట దీవించి రాస్తున్నది. నీ ఉత్తరం నిన్న అందింది. మొన్న ఆదివారం ఫోనులో అన్నీ మాట్లాడాను, ఒకటి మాత్రం దాటవేశాను. నీ కూతురు పక్కనే నిలబడి ఉంది. అందుకే ఈ ఉత్తరం.

ఇక్కడ అందరం క్షేమమని రాయబోతే చెయ్యి ఆగింది. జ్యోత్స్న లేచి తిరుగుతోంది, అన్నం తింటోంది. అంతవరకు నిజం.

నువ్వడిగిన వాటికి జవాబులు. పెదవి మీది కుట్లు మానాయి. విరిగిన పంటికి తొడుగు వేయించవచ్చన్నారు. బడికి వచ్చే సోమవారం తర్వాతే పంపుతాను. మస్కట్‌లో నర్సు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి రమ్మంటావా అన్నావు. దానికి జవాబు చివర రాస్తాను. “రెండేళ్లుగా రాని మూర్ఛ ఇప్పుడెందుకు వచ్చింది? మాత్రలు సరిగ్గా వేస్తున్నావా అమ్మా?” అని కూడా అడిగావు. మందుల పుస్తకం ముందు పెట్టుకునే రాస్తున్నాను. తేదీ, వేళ, మాత్ర, నా సంతకం. రెండేళ్లలో ఒక్క పూట కూడా ఖాళీ లేదు.

జూలై మొదట్లో పిల్ల తూలుతూ నడిచింది. నల్లబల్ల మీద అంకెలు రెండేసి కనబడుతున్నాయంది. రక్తపరీక్ష చేయిస్తే మందు ముప్పై ఒకటి ఉంది, పదికీ ఇరవైకీ మధ్య ఉండాలట. దొంగచాటుగా ఎక్కువ మాత్రలు మింగుతోందనుకున్నాను. స్నేహితురాలి ఎదుటే దాని సంచి బోర్లించాను.

“దేవునితోడు, నేను మింగలేదవ్వా! నీ లెక్క సరిగ్గానే ఉండాది గదా, చూసుకో!”

లెక్క సరిగ్గానే ఉంది. అయినా అబద్ధాలకోరువన్నాను.

డాక్టరు రాజగోపాల్ రోజుకు మూడు మాత్రలను రెండు చేశారు. ఇంకేమైనా మందులు ఇస్తున్నారా అని అడిగారు. ఏమీ లేవన్నాను. అది అబద్ధమని అప్పటికి నాకు తెలియదు.

తెలిసింది బళేపేటలో. జూన్‌లో వానలకు పిల్లకు దగ్గు పట్టుకుంటే శొంఠి, మిరియాలు, పిప్పలి వేసి కషాయం కాచాను. దగ్గు పోయినా మానలేదు. రెండు పూటలా మాత్ర దాంతోనే మింగించేదాన్ని. కషాయం వంటింటి వస్తువు, చారులాంటిది. మందుల పుస్తకంలో ఎందుకు ఎక్కిస్తాను? జూలై 26న పొడి అయిపోయి బళేపేటలోని అశ్వత్థప్ప మూలికల అంగడికి వెళ్లాను.

“దగ్గు పోలేదా అమ్మా?” అన్నాడు, పొట్లం కడుతూ.

“ఎప్పుడో పోయింది. మూర్ఛ మాత్ర దీంతో అయితే సులువుగా దిగుతుందని.”

అతని చేతిలో దారం ఆగిపోయింది. “అయ్యో, అట్ల చేస్తుండారా? పిప్పలి ఊరికే ఉండదమ్మా. ఏ మందుతో పోతే ఆ మందును లోపలికి మోసుకొని పోతాది. ఇది కలిపితే మా తాత అసలు మందు తగ్గించి ఇస్తా ఉండె. మీరు టీచరమ్మ, మీకు నేను చెప్పాల్నా?”

ప్రిస్కిల్లా, ఇక దాచను. ఆ పొట్లం ఇంటి ముందు మోరీలో పారబోసి, ఎవరికీ చెప్పకుండా కషాయం ఆపేశాను. తప్పు ఆగిపోతే చాలు, ఒప్పుకోనక్కర్లేదనుకున్నాను. మాత్రలు అప్పటికే తగ్గించి ఉన్నాయన్న సంగతి ఆలోచించలేదు. పదమూడో రోజున, ఆగస్టు 8న, బడి ప్రార్థనలో పాడుతూ పాడుతూ మూర్ఛ వచ్చి పడిపోయింది. ఆ రోజు రక్తంలో మందు ఆరు.

నిన్న నీ ఉత్తరం చదివాక ఇంట్లో కూర్చోలేకపోయాను. ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెప్పే మన చర్చి సంఘంలోని అక్షర దగ్గరికి వెళ్లి, ఎవరి సంగతో అన్నట్టు అడిగాను.

“పేగు గోడలో కొన్ని మందుల్ని వెనక్కి తోసేసే పంపుల్లాంటివి ఉంటాయి ఆంటీ. మిరియాల్లో, పిప్పలిలో ఉండే ఘాటు వాటిని అడ్డుకుంటుందని, లివర్‌లో మందు కరిగిపోవడాన్నీ తగ్గిస్తుందని రీసెర్చ్ ఉంది. మాత్ర అదే, బ్లడ్‌లో మాత్రం ఎక్కువ. సడన్‌గా ఆపితే రివర్స్. ఇంతకీ ఆ ఎవరో మీరేనా ఆంటీ?”

లేచి వచ్చేశాను.

పిల్ల పడిపోయాక డాక్టరుగారు ప్రస్తుతానికి మాత్రలు మళ్లీ మూడు చేశారు. “మూడుకు ముప్పై ఒకటి, రెండుకు ఆరు. లెక్క కుదరడం లేదు టీచర్‌గారూ” అని, వచ్చే సోమవారం మందే మార్చేస్తానన్నారు. రెండేళ్లు పిల్లను నిలబెట్టిన మందు. లెక్కలో తగ్గిన అంకె నా దగ్గర ఉంది. ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పినదాన్ని, ఎదుట కూర్చుని తలూపి వచ్చాను.

ఇక జరగవలసినవి:

1. సోమవారం దాకా ఆగను. రేపు పొద్దున్నే పుస్తకం తీసుకుని డాక్టరుగారి దగ్గరికి వెళ్లాలి. జూన్ 16 నుంచి జూలై 26 దాకా కషాయం ఇచ్చిన పూటలన్నీ ఎర్రసిరాతో ఎక్కించాను.

2. మందు మార్చాలో వద్దో, మాత్రలు ఎన్నో ఆయనే చెప్పాలి. నేను కూడను, తీసివేయను.

3. చారులో మిరియాలు ఎంతవరకు వేయవచ్చో కూడా అడగాలి.

4. ఆదివారం నువ్వు ఫోను చేసినప్పుడు, పిల్ల వింటుండగానే ఇదంతా నోటితో చెప్తాను. ఉత్తరం వెనక వస్తుంది. రాజీనామా సంగతి ఆ తర్వాత నీ ఇష్టం. పిల్లను నా దగ్గర ఉంచాలా వద్దా అన్నదీ నీ ఇష్టమే.

5. మన ఇంట్లో ఉత్తరాలు డబ్బాలో వేసేది జ్యోత్స్న. ఈ కవరు అంటించకుండా దాని చేతికిస్తాను. చదివాక అదే అంటించాలి.

ఇట్లు,
నీ అమ్మ
మార్త