ఆగని మగ్గం

ఎమ్మిగనూరు, జ్యేష్ఠ అమావాస్య, 1984

అమావాస్యకు మా వీధిలో మగ్గాలు ఆడవు. అందుకే మనవడు శీనా, బుల్‌బుల్ తార వాయించే ఖాజా కలిసి, తాము కట్టిన పాటను ఈరోజు రికార్డు చేద్దామనుకున్నారు. సినిమా పాటలు పాడమని నేనెంత పోరినా వినని పిల్లలు. సాయంత్రం బండికి ఖాజా బొంబాయి పనికి పోవాలి.

శీనా గొంతెత్తగానే పక్కింటి ఈరన్న మగ్గం మోగింది. నేనే వెళ్లాను.

"ఒక్క పాట అయ్యేదాకా ఆపప్పా."

"నా పెండ్లాం ఆస్పత్రిలో ఉందవ్వా. రేపు చీర ఇయ్యకుంటే మందులు యాడ తేవల్ల? మీవాని పాట తెస్తాదా?"

తిరిగొచ్చి, మగ్గం ఆగేదాకా కాచుకోమని పిల్లలకు చెప్పాను.

పొద్దుగూకేదాకా కాచుకుని ఖాజా వెళ్లిపోయినాడు.

"ఎప్పుడో ఒకప్పుడు ఆపుతాడులే అవ్వా" అంటూ శీనా ఇంకా టేపురికార్డరు ముందే కూర్చున్నాడు. ఆపితే ఎవరు వాయిస్తారని అడగలేకపోయాను.