నాలుగు చక్రాలూ గీత దాటితే

మా ఇంటి సర్వాధికారికి,

నేను క్షేమం. టీవీలో ఆ కారు రేసు డ్రైవరు పట్టుకున్నది నా కాలరే, కంగారు పడకు. రేసులో ఎవరు ముందు నిలబడాలో తేల్చే పోటీలో అతనిదే అందరికన్నా వేగం. కానీ మలుపులో నాలుగు చక్రాలూ తెల్లగీత దాటాయి. అలా దాటితే ఆ చుట్టు టైము చెల్లదు. చూసి చెప్పడమే నా ఉద్యోగం, చెప్పాను.

"బెత్తెడు దాటితే కొంప మునిగిందా?" అంటూ మీదికొచ్చాడు.

"మా ఆవిడ గీసిన గీత బెత్తెడు దాటి చూడు బాబూ, తెలుస్తుంది" అన్నాను.

"నాకూ పెళ్ళయిందిలే" అని వదిలేశాడు. గుండీ మాత్రం ఊడింది.

వంటింటి కుళాయి బాగుచేయించావా? అమ్మ కంట్లో మందు వేస్తున్నావా? పిల్లలకు ముద్దులు.

రేసవగానే వచ్చెయ్యాలని నువ్వు గీత గీసి పంపావు కదా, స్నేహితులు నాలుగు రోజులుండి పొమ్మంటున్నారు. ఒక్క చక్రం గీత మీదున్నా చెల్లుతుందని రూలు. నా మనసెలాగూ ఇంట్లోనే ఉంది, దాన్ని ఆ చక్రం కింద జమకట్టు.